పరాయి చోట మన పడక

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని పెద్దలు అన్నారు. అలసినవానికి పట్టుపరుపైనా, కటిక నేల అయినా ఒక్కటే నని ఆ సామెత భావం. ఇంటిపట్టున ఉండేవారి విషయంలో ఇది నిజమే కావచ్చు. కాని రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారి ఏడు గంటలకు రేకుల గదికి చేరి, ఇంకొకరు అప్పుడే లేచిపోయిన చాప మీద, ఇంకొకరి చెమట వాసన ఆరని దుప్పటి కప్పుకొని పగటి వెలుతురులో కన్ను మూయవలసినవానిని అడిగితే, నిద్రకు సుఖంతో ఎంత సంబంధమున్నదో అతడు చెప్పగలడు. చదువు కోసమో, ఉద్యోగం కోసమో ఇల్లు విడిచి వసతి గృహాలలో ఉండబోయేవారు తమ పడక తాము వెంట తీసుకొని పోవలెనా, అక్కరలేదా అనే ప్రశ్నను ఈ ప్రసంగంలో పరిశీలింపదలచాము. ప్రశ్న చిన్నదే. కాని ప్రతి ఏడు వేలాది ఇళ్ళలో, పెట్టె సర్దే వేళ, తల్లికీ కొడుకుకూ మధ్య ఈ వాదం జరుగుతూనే ఉన్నది.

పూర్వకాలంలో ఈ ప్రశ్నకు తావే లేదు. ప్రయాణం చేసేవాడు పడక చుట్టుకొని బయలుదేరవలసినదే. హైదరాబాదు నగరంలో, గోలకొండ కోటకు దాపున, షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి నేటికీ నిలిచి ఉన్నది. రెండంతస్తుల కట్టడం. బాటసారులకు గదులు, వారి గుర్రాలకు ఒంటెలకు శాలలు, ప్రార్థనకు మసీదు, అన్నీ ఏర్పరచారు. అంతటి ఏర్పాటు చేసిన కాలంలో కూడా సరాయి ఇచ్చేది కప్పు, గోడ, నీరు, దొంగల నుండి రక్షణ. పడక మాత్రం బాటసారిదే. మన సత్రాలలోనూ ఇదే పద్ధతి. దానశీలురు అన్నం పెట్టారు, అరుగులు కట్టించారు. చాపా దుప్పటీ మాత్రం యాత్రికుడే చంకన పెట్టుకొని వచ్చేవాడు. తరువాత రైళ్ళు వచ్చిన కాలంలో ట్రంకు పెట్టె, తోలుపట్టాలతో బిగించిన బెడ్డింగు, మరచెంబు, ఈ మూడూ లేనివాడు ప్రయాణికుడే కాడన్నంతగా ఆ ఆచారం స్థిరపడింది.

ఇప్పుడు కాలం మారినది. బెడ్డింగు చుట్ట రైల్వే ప్లాటుఫారాల మీద అరుదై పోయింది. చేతిలో ఒక సంచి, వీపున ఒక సంచి, అంతే. వెళ్ళిన చోట అన్నీ ఉంటాయనే ధీమా పెరిగింది. ఈ ధీమా ఎంతవరకు న్యాయమో తెలుసుకొనడానికి మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి మించిన తావు లేదు.

హైదరాబాదు నుండి బొంబాయి రోడ్డు వెంట పడమరగా సాగితే రామచంద్రాపురం, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి వరుసగా వస్తాయి. రోడ్డుకు అటు బొల్లారం, గడ్డపోతారం, ఇటు పాశమైలారం. 1960 దశకంలో రామచంద్రాపురాన భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వెలసింది. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఏర్పడింది. తరువాత రసాయనాలు, మందులు, ఇనుము, యంత్ర భాగాలు తయారుచేసే కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారపు ఆవరణలో తాత్కాలికంగా ఆరంభమైన ఐ.ఐ.టి. పిమ్మట కందిలో తన సొంత ఆవరణకు చేరింది. 2016లో సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయినది.

ఇన్ని వెలసినప్పుడు ఇళ్ళు విడిచి వచ్చేవారు ఉంటారు కదా! వారు మూడు తెగలు. మొదటివారు విద్యార్థులు. రెండవవారు కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకులు, యువతులు. నెలకు ఇంత అని చెల్లించి ప్రైవేటు హాస్టళ్ళలో ఉండేవారు. మూడవవారు ఒడిశా, బీహారు, జార్ఖండు, బెంగాలు, ఉత్తరప్రదేశ్‌ల నుండి, మన తెలుగు జిల్లాల నుండి కూడా వచ్చి, కర్మాగారాల చుట్టుపట్ల గ్రామాలలో నలుగురైదుగురు కలిసి ఒక గది తీసుకొని ఉండే కార్మికులు. ఈ ముగ్గురికీ పడక ప్రశ్న ఒక్కటే అయినా, సమాధానం ఒక్కటి కాదు.

పడక వెంట తీసుకొని పోనక్కరలేదనేవారి వాదం మొదట విందాము. బరువు మోయడం ఎందుకంటారు. హాస్టలువారు ఇస్తామన్నారు కదా అంటారు. కావలసి వస్తే అక్కడ బజారులో దొరకదా అంటారు. ఇవి కొట్టివేయదగిన మాటలు కావు. పైగా ఇతర దేశాల అనుభవం నుండి వారికి ఇంకొక బలమైన ఆధారం కూడా ఉన్నది. 1909లో జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే ఉపాధ్యాయుడు విద్యార్థులతో కాలినడకన యాత్ర చేస్తూ గాలివానలో చిక్కుకొని, ఒక పల్లె పాఠశాలలో తలదాచుకున్నాడు. సెలవులలో ఖాళీగా ఉండే బడులన్నీ బాలురకు విడుదులు ఎందుకు కారాదని ఆ రాత్రి ఆయనకు తోచింది. 1912లో ఆల్టెనా పట్టణపు కోటలో ఆరంభమైన ఆయన విడిది నుండి యువజన వసతి గృహాల ఉద్యమం లోకమంతటా వ్యాపించింది. ఆ గృహాలలో చిరకాలం ఒక నియమం ఉండేది. పరుపు, కంబళి గృహంవారివి. కాని వాటికీ ఒంటికీ మధ్య ఉండవలసిన దుప్పటి, సంచివలె కుట్టుకున్నది, అతిథి తనది తాను తెచ్చుకోవలె. అదే నేడు తలక్రిందులైనది. అనేక గృహాలలో ఉతికిన దుప్పట్లు వారే ఇస్తున్నారు. బయటినుండి తెచ్చే పడక సంచులను లోపలికి రానివ్వడం లేదు. కారణం నల్లులు! ఒకని పడక సంచిలో చేరిన నల్లి మరునాటికి పది మంచాలకు ప్రాకగలదని వారి భయం.

కనుక ఒకనాడు శుభ్రత కోసం సొంత దుప్పటి తెమ్మన్నారు. నేడు అదే శుభ్రత కోసం తేవద్దంటున్నారు. ఈ రెండింటిలో ఉన్నది ఒక్కటే సూత్రం. ఒంటికి తగిలే బట్ట నిన్నటి మనిషి ఒంటికి తగిలినది కాకూడదు. తగిలితే మధ్యన చాకిరేవు చూసి ఉండవలె. ఎవరు తెచ్చారన్నది తరువాతి మాట. ఉతికినదా, ఎవరు ఉతికారు, ఎప్పుడు ఉతికారు అన్నదే మొదటి మాట.

ఈ సూత్రాన్ని మన రైళ్ళే మనకు నేర్పినవి. 2020 మార్చిలో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు శీతల పెట్టెలలో దుప్పట్లు, కంబళ్ళు ఇవ్వడం మానివేశారు. తిరిగి 2022 మార్చిలో గాని వాటిని పునరుద్ధరింపలేదు. ఆ రెండేళ్ళూ ప్రయాణికులు మళ్ళీ తాతల నాటి పద్ధతికే వచ్చి, దుప్పటి వెంట పెట్టుకున్నారు. 2024లో రైల్వే మంత్రి లోక్‌సభలో తెలిపిన ప్రకారం రైలు కంబళిని నెలకు ఒక్కసారైనా ఉతుకుతారు. దానికి లోపలివైపు పరచుకొనడానికి అదనంగా ఒక దుప్పటి ఇస్తారు. అంటే కంబళి పదిమందిదైనా, ఆ నడిమి దుప్పటి మాత్రం ఆ ఒక్కనిది. వసతి గృహానికి పోయేవారు జ్ఞాపకం పెట్టుకోవలసిన పాఠమంతా ఇందులో ఉన్నది.

కాబట్టి మేము పడకను రెండు భాగాలు చేసి చెప్పదలచాము. ఒంటిని మోసేది ఒకటి. ఒంటిని తాకేది ఇంకొకటి. మంచము, పరుపు మోసేవి. అవి ఇవ్వడం వసతి పెట్టేవారి విధి; వాటిని వందల మైళ్ళు మోసుకొని పోనక్కరలేదు. దుప్పటి, దిండు గలీబు, కప్పుకొనే వస్త్రము, తువ్వాలు తాకేవి. అవి మాత్రం ఎవరివి వారికి ఉండవలసినదే. ఇచ్చే చోట కూడా ఒక జత మన పెట్టెలో ఉంటే నష్టం లేదు. విద్యాలయాలలో కొన్ని మంచము, బల్ల, కుర్చీ మాత్రమే ఇచ్చి పరుపు విద్యార్థికే విడిచిపెడతాయి. చేరకముందే ఒక ఉత్తరమో, ఒక ఫోనో చేసి మంచం కొలత ఎంత, పరుపు ఉన్నదా అని అడిగి తెలుసుకోవడం మంచిది. సంక్షేమ వసతి గృహాలలో చదివిన తరాలవారికి ప్రభుత్వం ఇచ్చిన ట్రంకు పెట్టె, జంపఖానా, దుప్పటి బాగా జ్ఞాపకముండే ఉంటాయి. చాలామంది పిల్లలకు తనది అని చెప్పుకోదగిన మొదటి దుప్పటి అదే.

ఇక ఏమి తీసుకొని పోవలె? రెండు నూలు దుప్పట్లు, ఒకటి పడక మీద ఉండగా రెండవది తీగ మీద ఆరుతూ ఉండడానికి. రెండు దిండు గలీబులు. వీలైతే ఒక చిన్న దిండు. చలికాలానికి ఒక బొంత గాని, రగ్గు గాని. ఈ ప్రాంతపు చలిని తక్కువగా ఎంచరాదు. చలికాలపు ఉష్ణోగ్రతల వార్తలలో ఇదే జిల్లాలోని కోహీరు పేరు మన శ్రోతలు తరచుగా వింటూనే ఉంటారు. వేసవిలో రేకుల గదులు కొలిమి వలె కాగుతవి. అప్పుడు పరుపు కంటే తడి గుడ్డతో తుడిచిన చాపయే నయం. పాత చీరలను మడతలుగా వేసి అవ్వలు కుట్టే బొంత మన తెలంగాణ ఇళ్ళలో ప్రతి చోటా ఉన్నదే. అది మెత్తన, చలికి ఓర్చును, ఇంట ఉతకవచ్చును, ఖర్చు లేదు. దక్కని గొర్రెల ఉన్నితో నేసి చింతగింజల గంజి పెట్టిన గొంగడి చలికీ వానకూ కూడా నిలుచును. కాని దానిని మాటిమాటికి ఉతకలేము గనుక లోపల నూలు దుప్పటి తప్పదు.

ఒక దోమతెర కూడా చేర్చుకోవలె. ముఖ్యంగా రాత్రి షిఫ్టువారికి. దోమతెర రాత్రి వస్తువని మనం అనుకుంటాము. కాని డెంగీ జ్వరాన్ని తెచ్చే దోమ పగటి పూట కుట్టేది. లోకమంతా మేలుకొని ఉన్నప్పుడు నిద్రించేవానికే దాని వలన ప్రమాదం హెచ్చు. అట్లే కిటికీకి కట్టడానికి ఒక నల్లని గుడ్డ. పగటి నిద్ర సహజంగానే పలుచన. వెలుతురు పడితే అది కూడా విరిగిపోతుంది. నిద్ర చాలనివాడు యంత్రం వద్ద నిలబడితే ఏమి కాగలదో కర్మాగారాలున్న ఊళ్ళవారికి మేము చెప్పనక్కరలేదు. పడక సుఖం విలాసం కాదు. వేలికీ కంటికీ కాపుదల.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన మాట ఇంకొకటి ఉన్నది. రసాయనాల కర్మాగారంలో, మందుల కర్మాగారంలో పనిచేసినవారు ఆ దుస్తులతోనే పడక మీద ఒరగరాదు. బట్టకు పట్టిన పొడి దుప్పటికి పడుతుంది. దుప్పటి నుండి ఎనిమిది గంటలు ఊపిరికీ చర్మానికీ చేరుతుంది. పని దుస్తులకు వేరే సంచి, వేరే తీగ, వేరే ఉతుకు ఉండవలె. స్నానం చేసి, బట్ట మార్చి, అప్పుడు గాని సొంత దుప్పటి ముట్టరాదు. ఎంత శుభ్రమైన పడక తెచ్చుకున్నా ఈ నియమం లేనిదే ఆ శుభ్రత నిలువదు.

నల్లుల మాటకు వత్తాము. రెండవ ప్రపంచ యుద్ధానంతరం డి.డి.టి. వలన ఇవి అంతరించినవని చాలా దేశాలు సంతోషించాయి. కాని అవి ఆ మందుకు అలవాటు పడినవి. 1990 దశకం చివరినుండి సంపన్న దేశాల హోటళ్ళలో సైతం తిరిగి తలయెత్తినవి. ఇవి రోగాలు మోసుకొని వస్తాయని రుజువు లేదు గాని, నిద్రను మాత్రం పూర్తిగా హరిస్తాయి. తిండి లేకపోయినా నెలల తరబడి బ్రతికి ఉండగలవు. అందుచేత ఖాళీగా ఉన్న గది గదా అని నమ్మరాదు. కొత్త గదిలో చేరిన నాడు పెట్టె విప్పకముందే పరుపు కుట్లు, మంచం కీళ్ళు, గోడ పగుళ్ళు దీపం పట్టి చూడవలె. నల్లని చుక్కలు కనిపిస్తే సామాను నేల మీద పెట్టక, యజమానికి చెప్పవలె. ఇంటికి సెలవులకు వచ్చినప్పుడు దుప్పట్లను గదిలోకి తేక, వాకిటనే వేడి నీళ్ళలో వేయవలె. 50 డిగ్రీలు దాటిన వేడికి నల్లి గాని, దాని గ్రుడ్డు గాని నిలువలేదు. మంచం కీళ్ళలో సలసల కాగిన నీరు పోసే మన పాత పద్ధతి శాస్త్రసమ్మతమైనదే. గజ్జి పురుగు సంగతి వేరు. అది మనిషి ఒంటిని విడిచి రెండు మూడు రోజులకు మించి బ్రతుకదు. ఉతకడానికి వీలులేని బొంతను సంచిలో బిగించి వారం రోజులు పక్కన పెట్టినా చాలును. కాని ఒంటికి వైద్యుడిచ్చిన మందు గదిలోని వారందరూ ఒకేసారి రాసుకోవలె. లేనిచో ఒకరి నుండి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. నల్లులు చావడానికని ధాన్యపు గిడ్డంగులలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను పరుపు క్రింద పెట్టి తలుపు మూసేవారున్నారు. గాలిలోని తేమ తగిలితే చాలును, ఆ బిళ్ళల నుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. అది గోడ సందుల గుండా పక్క గదికి సైతం ప్రాకి, నిద్రిస్తున్న మనుషుల ప్రాణాలు తీయగలదు. దానికి విరుగుడు లేదు. నివాస గృహాలలో ఆ బిళ్ళలు వాడనే రాదు. మంచానికి కిరోసిను పూయడం కూడా అగ్నిని ఆహ్వానించడమే. వేడి నీటితో పోయే దానికి ప్రాణాలు పణం పెట్టడమెందుకు?

ఇంతవరకు మేము చెప్పినదంతా తెచ్చుకోగలిగినవారికి. తెచ్చుకోలేనివారి సంగతి ఏమి? రిజర్వేషను లేని పెట్టెలో రెండు పగళ్ళు రెండు రాత్రులు నిలబడి వచ్చే కార్మికునికి చేతిలో ఒక సంచికి మించి చోటుండదు. ఎవరి పడక వారు తెచ్చుకోవలెనని గోడ మీద వ్రాసి పెట్టడం సులభం. ఆ వ్రాత హాస్టలు విద్యార్థికి ఒక సలహా. ఈ కార్మికునికి మాత్రం అది కటిక నేల. వచ్చిన మొదటి నెల జీతం అందేవరకు అతడు సిమెంటు సంచులో, అట్టపెట్టెలో పరచుకొని పడుకోవలసి వస్తుంది. లేదా పగటి షిఫ్టువాడు లేచిన పడక మీద రాత్రి షిఫ్టువాడుగా ఒరగవలసి వస్తుంది. చల్లారని పడక అంటే అదే.

ఇది తగదని లోకం ఏనాడో తీర్మానించింది. 1961లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్మికుల గృహవసతిని గూర్చి చేసిన సిఫారసులో, కుటుంబం లేకుండా ఒంటరిగా ఉండే కార్మికులకు ఉండవలసిన కనీస సౌకర్యాలను పేర్కొంటూ, ప్రతి కార్మికునికి ప్రత్యేకమైన పడక అనే మాటను మొట్టమొదట వ్రాసింది. మంచినీరు, మురుగు పారుదల, గాలి ఆ తరువాతనే. మన దేశంలో 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తగిన నివాస వసతి కల్పించే బాధ్యతను గుత్తేదారు మీద పెట్టింది. తగిన అన్నదే గాని, ఆ నిబంధనలో మంచమని, చాపయని, దుప్పటియని పేరు పెట్టలేదు. చట్టం పేరు పెట్టని చోట మానవత్వం పేరు పెట్టవలె.

అందుచేత గదులు అద్దెకిచ్చే గృహస్థులకు మా విన్నపం. ఇస్నాపూరులోనో, పాశమైలారంలోనో, బొల్లారంలోనో మీరు కట్టిన గదులలో ఉండేవారు మీ ఊరి చుట్టాలు కారు. అయినా మీ కప్పు క్రింద నిద్రించేవారు. గదికి ఎందరు ఉంటారో అన్ని చాపలు, అన్ని ఉతికిన దుప్పట్లు సిద్ధంగా ఉంచడం ఒక నెల అద్దెలో ఏపాటి? ఒకరు ఖాళీ చేయగానే వాటిని కాచిన నీళ్ళలో ఉడికించి ఎండ వేస్తే, తరువాత వచ్చేవానికి మొదటి రాత్రి గడుస్తుంది. మీ గదికి నల్లులు పట్టవు. హాస్టలు నడిపేవారు మంచానికొక మనిషి అనే లెక్క తప్పరాదు. గుత్తేదారులు మనుషులను రప్పించేటప్పుడు రైలు ఖర్చుతో పాటు ఒక చాప, ఒక దుప్పటి ఖర్చు కూడా లెక్కలో వ్రాసుకోవలె.

దుప్పటి కొద్దీ కాళ్ళు చాచుకోమని మనవారు బుద్ధి చెబుతారు. పొదుపు నేర్పే మాట అది, మంచి మాటే. కాని దుప్పటి అంటూ ఒకటి ఉన్నవానికే ఆ బుద్ధి వర్తిస్తుంది. మీ అబ్బాయినో అమ్మాయినో ఈ ఏడు వసతి గృహానికి పంపుతున్నట్లయితే, రెండు దుప్పట్లు, రెండు గలీబులు, ఒక బొంత, ఒక దోమతెర తప్పక పెట్టెలో పెట్టండి. బరువని వారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీ వీధిలో కొత్తగా గది తీసుకున్న పరదేశి కుర్రవాడు ఉంటే, అటక మీద ముడుచుకొని ఉన్న పాత బొంత ఒకటి దులిపి, ఉతికి, అతనికి ఇవ్వండి. ఆ రాత్రి అతడు కంటినిండా నిద్రపోతాడు. మరునాడు యంత్రం ముందు మేలుకొని ఉంటాడు.